చీరతో సముద్రంలోకి

తొంభైల్లో, సిడ్నీలో కొత్త కాపురం. ఒక శనివారం తెల్లవారుతూనే నేనూ మా ఆవిడా బీచికి వెళ్లాం. విజయవాడ నుంచి మంగినపూడి వెళ్లినప్పుడు చేసినట్టే ఆవిడ చీరతోనే నడుములోతు దిగి, కళ్లు మూసుకుని సూర్యుడికి దణ్ణం పెట్టింది.

అంతే! లైఫ్‌గార్డు అమ్మాయి పరుగెత్తుకొచ్చి ఆవిణ్ణి ఒడ్డుకు లాక్కొచ్చేసింది.

"ఎందుకమ్మా చావాలనుకున్నావు?" అంది ఇంగ్లీషులో.

మా ఆవిడకు కంగారులో తెలుగే వచ్చింది. "అయ్యో, మా బీచిలో అందరం ఇలాగే మునుగుతామండీ!"

నేను ఇంగ్లీషులో చెప్పబోతే గార్డు నన్ను పక్కకు నెట్టి, "ఇంట్లో ఇతను నిన్ను బాధపెడుతున్నాడా?" అని అడిగింది.

లేదనడానికి ఎంతసేపు పడుతుంది? మా ఆవిడ తడి కొంగు పిండుకుంటూ నావైపు చూసింది.

ఆలోచిస్తోంది!