గీత పడిన తువ్వాలు

నా చిన్నప్పుడు మందు డబ్బాలకు మామూలు మూతలే ఉండేవి. తిప్పితే వచ్చేవి. ఇప్పుడు నా కీళ్ళనొప్పుల మాత్రల డబ్బాకు పసిపిల్లలు తీయలేని మూత ఒకటి పెట్టారు. దాన్ని నొక్కుతూ తిప్పాలట. నేను నొక్కితే తిరగదు, తిప్పితే లోపలికి పోదు. చివరికి నాలుగేళ్ళ మనవరాలిని పిలుస్తాను. అది ఒక్క తిప్పుతో తీసి నా చేతికిస్తుంది. ఆ మూత చేసినవాళ్ళు ఎవరి నుంచి ఎవరిని కాపాడుతున్నారో నాకైతే అర్థం కాలేదు. అయినా అది మూత తీసిన ప్రతిసారీ దాని గుప్పిళ్ళు విప్పించి, నోరు తెరిపించి చూస్తాను. ముసలమ్మకు చాదస్తం అని ఇంట్లో అనుకుంటారు. చాదస్తం కాదు, అలవాటు. పదేళ్ళ వయసులో, ఒక క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం పట్టుకుంది, ఇంకా వదల్లేదు.

అప్పుడు మేము షోలాపూర్‌లో, జోడ్‌భావి పేట్‌కు దగ్గరలో వరుసగా ఒంటిగదులుండే ఒక నేతగాళ్ళ చాళ్‌లో ఉండేవాళ్ళం. మాకు ఉన్నది ఒక గది. అందులో సగం మా తాతయ్య చేతిమగ్గానిది, మిగిలిన సగంలో మేము సర్దుకునేవాళ్ళం. చాళ్ మొత్తంలో క్రిస్మస్ చేసుకునే ఇల్లు మాదొక్కటే. కాబట్టి పండగ మాది, పెత్తనం అందరిదీ. పక్కింటి అక్క మాకంటే ముందే వెదురు పుల్లలు చీల్చి, పతంగుల కాగితం అంటించి చుక్క తయారు చేసేది. మగ్గం దగ్గర మిగిలిన రంగు నూలును జడలల్లి తోరణాలు కట్టేవాళ్ళం. బీడీల ఆకు తెచ్చుకునే తట్టను పక్కకు పడుకోబెడితే అదే పశువులపాక. అందులో ఇద్దరు కాపరులు, కొమ్ము విరిగిన ఆవు, ఒక ఏనుగు. ఒంటె దొరకనందువల్ల పక్కింటి అక్క ఏనుగు ఇచ్చింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

పాక మధ్యలో చిన్న తొట్టి ఉండేది, ఖాళీగా. మట్టితో చేసిన బొటనవేలంత బాలయేసు తాతయ్య పొడుండబ్బాలో ఉండేవాడు. పండగ ముందురోజు సాయంత్రం ప్రార్థన గుడికి వెళ్ళి వచ్చాకే తాతయ్య తన చేత్తో ఆయన్ను తొట్టిలో పెట్టేవాడు. అంతవరకు ఆ డబ్బాను ముట్టుకోకూడదు. ఇంట్లో ఉన్న రెండు కచ్చితమైన నియమాల్లో అదొకటి. రెండోది, తమ్ముడిని కింద వదిలి ఎక్కడికీ పోకూడదు.

తమ్ముడికి ఎనిమిది నెలలు, రెండు పళ్ళు. లోకంలోని ప్రతి వస్తువునూ వాడు నోటితోనే పరిచయం చేసుకునేవాడు. ఆ ఏడు ఇల్లు అలంకరించే పని, వాడిని చూసుకునే పని రెండూ నాకే అప్పగించారు. అమ్మ గుమ్మం బయట పక్కింటి అక్కతో కూర్చుని బీడీలు చుడుతోంది. తాతయ్య మాకు వీపు పెట్టి మగ్గం మీద తువ్వాళ్ళు నేస్తున్నాడు.

నేను పొడుండబ్బా తెరిచాను. చూద్దామనే. చూస్తే, డిసెంబర్ చలిలో బాలయేసు ఒంటిమీద బట్ట లేదు. పాపం అనిపించి తెల్ల నూలు తీసుకుని చుట్టడం మొదలుపెట్టాను. పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో తాతయ్య పెట్టుకునే చిన్న పుల్లలకు, అంటే కండెలకు, రోజూ నూలు చుట్టేది నేనే. నా చేతులకు వచ్చింది ఒకే చుట్టుడు. తల తప్ప మిగతాదంతా చక్కగా చుట్టేసరికి, "ఓ పిల్లా, చుక్క పట్టుకో రాయే, జారుతున్నది!" అని బయటి నుంచి అక్క కేక. బాలయేసును చాప మీద పెట్టి పరుగెత్తాను. తమ్ముడూ చాప మీదే ఉన్నాడు. ఒకే క్షణంలో రెండు నియమాలూ పోయాయి.

చుక్క కట్టడం చాలాసేపు పట్టింది. మధ్యలో అమ్మ నీళ్ళకని లోపలికి వెళ్ళి వచ్చింది. నేను తిరిగి వచ్చేసరికి చాప మీద బాలయేసు లేడు. తమ్ముడు ఖాళీ తొట్టి ముందు కూర్చుని, ఏదో నములుతూ, నన్ను చూసి నవ్వాడు. వాడి పెదవి మీది నుంచి తెల్లటి పోగు ఒకటి వేలాడుతోంది.

పోగు పట్టుకుని మెల్లగా లాగాను. జానెడు వచ్చింది. చివర ఏమీ లేదు.

అప్పుడు నేను చేయవలసిన పని ఒక్కటే. అది తప్ప అన్నీ చేశాను. చాప దులిపాను. ఏనుగు కింద వెతికాను. వాడి నోట్లో వేలు పెడితే కొరికాడు. అరటిపండు తింటే మింగినవి జారిపోతాయని ఎవరో అనగా విన్న గుర్తు, అందుకని రెండు పండ్లు చిదిమి పెట్టాను. ఎవరూ చెప్పకుండానే వాడి గుడ్డలు ఉతకడానికి తీసుకుపోయి, ఒక్కోటీ విప్పి వెలుతురులో పరీక్షించాను. "ఇయ్యాల సూర్యుడు ఏ దిక్కున పొడిచిండో!" అని అమ్మ మురిసిపోయింది. మళ్ళీ వచ్చి తోరణాలు కట్టాను. ఒక ముడి వేయడం, వెనక్కి తిరిగి వాడు ఊపిరి తీసుకుంటున్నాడా లేదా చూడడం. వాడు నిద్రపోతే భయం, లేస్తే భయం. కడుపు మీద చెవి పెట్టి విన్నాను. లోపల ఏవో చప్పుళ్ళు. అవి ఎవరివో తెలియలేదు.

ఆ అలంకరణ మా ఇంట్లో ఎన్నడూ లేనంత బాగా కుదిరింది. వచ్చిపోయేవాళ్ళంతా మెచ్చుకున్నారు.

గంట గడిచి ఉంటుంది. తమ్ముడు నిద్రలో ఒక్కసారిగా దగ్గాడు. ముఖం ఎర్రబడింది. మరోసారి దగ్గాడు. నేను మగ్గం దగ్గరికి పరుగెత్తి, ఆ చప్పుడు మీదుగా అరిచాను.

"తాతా, తమ్ముడు దేవుణ్ణి మింగిండు!"

మగ్గం తొక్కుతున్న తాతయ్య కాళ్ళు ఆగాయి. పని వేళలో మగ్గం ఆగడం చాళ్‌లో అందరికీ వినబడుతుంది.

"ఏ దేవుణ్ణి?" అన్నాడు.

"డబ్బల దేవుణ్ణి."

"ఎప్పుడు?"

"అక్క చుక్క కట్టేటప్పుడు."

"గంటాయె గదనే!"

అమ్మ ఒళ్ళోని ఆకు చాట కింద పడేసి వచ్చింది. "నా కొడుకా!" అంటూ వాడిని ఎత్తి వీపు చరిచింది. వాడు ఏడవడం మొదలుపెట్టాడు. "కొంతం చౌక్ కాడ డాక్టర్ ఉంటడు, లవ్కర్, జల్ది నడువ్ వదినా!" అని అక్క ముందే వీధిలోకి ఉరికింది. అమ్మ ఒక కాలికి చెప్పు వేసుకుంది, రెండోది దొరకలేదు.

"గప్! ఒక్క నిమిషం ఆగుండ్రి," అన్నాడు తాతయ్య. నా ముందు గొంతుక్కూర్చుని, మామూలు గొంతుతో అడిగాడు. "బొమ్మ ఎట్లుండె? ఉత్తగనే ఉండెనా?"

"లే తాతా. సలి పెడ్తదని నూలు చుట్టిన."

"ఎట్ల చుట్టినవ్?"

"కండె చుట్టినట్టు."

అమ్మ ఒంటి చెప్పుతో అలాగే నిలబడిపోయింది. "చాప మీద పెట్టినవా?" అంది. "అది కండె గాదా? పోరడు నోట్లె పెట్టుకుంటడని నేనే బుట్టల ఏసిన."

తాతయ్య కండెల బుట్టలో చేయి పెట్టాడు. చూడలేదు. వేళ్ళు ఒక్కో కండెనూ తడిమి వదిలేస్తున్నాయి. అయిదోదో ఆరోదో పట్టుకుని ఆగాయి. పైకి తీస్తే, నూలు చుట్ల పైనుంచి చిన్న మట్టి తల. తమ్ముడు నమిలింది నేను తెంపి పారేసిన నూలు ముక్క.

గంటసేపు ఏడవనిదాన్ని, అప్పుడు ఏడ్చాను. ఎవరూ కొట్టలేదు. పండగ అయ్యాక చూస్తానని మాత్రం అమ్మ మాట ఇచ్చింది. సాయంత్రం గుడి నుంచి వచ్చాక తాతయ్య బాలయేసును ఆ నూలుతోనే తొట్టిలో పడుకోబెట్టాడు. "మంచిగున్నడు, నూలు సుట్టుకొని అసలు సాలోళ్ళ దేవుడు," అంది పక్కింటి అక్క. అరటిపండ్ల సంగతి అమ్మకు మర్నాడు దానంతట అదే తెలిసింది.

పండగ వెళ్ళిన తెల్లారి తాతయ్య నన్ను మగ్గం మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కొత్త తువ్వాలు అప్పుడే మొదలైంది. నిలువు పోగుల్లో ఒకదాన్ని గోటితో టప్పున తెంపి, ఏమీ జరగనట్టు నేయసాగాడు. మగ్గాల ఇళ్ళల్లో అందరికీ తెలిసిన విషయమే, పోగు తెగితే నేతగాడు ముందు కాలు ఆపుతాడు, ముడి వేశాకే మళ్ళీ నేస్తాడు. తాతయ్య ఆపలేదు. తెగిన చోటి నుంచి బట్ట నిలువునా వెంట్రుకంత గీత పడుతూ వచ్చింది. జానెడు, మూరెడు. నాకు చూడబుద్ధి కాలేదు.

"తాతా, పోగు తెగింది. ఆపు."

"తెల్సు," అన్నాడు, నేస్తూనే. "గప్ కూసో. ఎవలకు కనబడ్తది?"

తువ్వాలు చివరిదాకా నేసి, కోసి, నా ఒళ్ళో పెట్టాడు. తువ్వాళ్ళు కొనే సేఠ్ దాన్ని తీసుకోడని నాకు తెలుసు. తాతయ్య పనిలో అంతవరకు ఎవరూ తప్పు పట్టలేదని కూడా తెలుసు. "ముడి ఏసుడు ఎంతసేపు? చిటికె. అది మొదట్ల ఏస్తేనే," అన్నాడు. ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

ఆ తువ్వాలు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఏటా పశువులపాక కింద పరుస్తాను. గీత పైకి కనబడేలా పరుస్తాను. అప్పటి నుంచి ఏది పగిలినా, పోయినా, తప్పినా ముందు చెప్పేస్తాను, తరువాతే కంగారు పడతాను. దీనివల్ల నాకు మంచిపేరు కంటే చివాట్లే ఎక్కువ వచ్చాయి. అయినా కాలు దానంతట అదే ఆగుతుంది.

కథ కూడా ఏటా చెప్తాను. "ఏ దేవుణ్ణి?" దగ్గర అందరూ నవ్వుతారు, తమ్ముడు అందరికంటే గట్టిగా. పోయిన క్రిస్మస్‌కు హోట్గి రోడ్‌లోని వాడి ఇంట్లో చుక్క కడుతూ మళ్ళీ చెప్పాను. వాడి ఒళ్ళో తొమ్మిది నెలల మనవడు ఉన్నాడు. అందరూ నవ్వారు. ఈసారి తమ్ముడు నవ్వలేదు. పిల్లవాడి నోట్లో వేలు పెట్టి థర్మోకోల్ ముక్క ఒకటి బయటికి తీసి, అరచేతిలో కాసేపు చూసుకుని, నా వైపు తిరిగాడు.

"అక్కా, నేను దగ్గకపోతే ఎప్పుడు చెప్తుంటివి?"