గొంతు నాదే, బెదిరింపు నాది కాదు

కొమురమ్మ పేరు ఎన్నడూ తెర మీద పడలేదు. అయినా ఫిల్మ్ నగర్ డబ్బింగ్ థియేటర్లలో పంతొమ్మిదేళ్లుగా ఆమె ఏడుస్తూనే ఉంది, నవ్వుతూనే ఉంది, శాపనార్థాలు పెడుతూనే ఉంది. నర్సుకీ, జైలు వార్డెనుకీ, గయ్యాళి అత్తకీ, గుంపులో నిలబడి అరిచే ఆడవాళ్లకీ గొంతు ఆమెదే. పుట్టి పెరిగింది షేక్‌పేట పాత ఊళ్లో. ఇంట్లో మాట్లాడేది తెలంగాణ మాటే. మైకు ముందు నిలబడితే మాత్రం కృష్ణా, గుంటూరుల మాట పుట్టుకతో వచ్చినట్టు పలికేది.

మొదట్లో డబ్బింగ్ ఇన్‌చార్జి ఆదినారాయణ ఒక సలహా ఇచ్చాడు. “పేరు మార్చుకోమ్మా. కొమురమ్మ అంటే మరీ మోటుగా ఉంది.”

“గొంతుకు పేరుతోని ఏం పని సార్? గది మా నాయనమ్మ పేరు. మార్చుకోను” అంది. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

భర్త రాములు షూటింగుల్లో లైట్‌మన్. మనిషి మెత్తన. ఇంట్లో ఎవరైనా గట్టిగా మాట్లాడాలంటే అది కొమురమ్మే.

జూబ్లీహిల్స్ బంగళాలు ఒక్కొక్కటే సాఫ్ట్‌వేర్ ఆఫీసులుగా మారిపోతున్న రోజులవి. అలాంటి ఒక బంగళాలో రిత్విక్ అనే ఏలూరు కుర్రాడు కంపెనీ పెట్టాడు. ఎవరైనా ఫోన్ చేస్తే మనిషికి బదులు యంత్రం జవాబు చెప్పే ఏర్పాటు వాళ్లది. దానికి స్పష్టమైన ఆడగొంతు కావాలని వెతుక్కుంటూ వచ్చి కొమురమ్మను పట్టుకున్నారు. మూడు రోజులు రికార్డింగు. ఆసుపత్రికి కొన్ని మాటలు, గ్యాస్ బుకింగ్‌కు కొన్ని, టెలిఫోన్ బిల్లులకు కొన్ని, అత్యవసర నంబర్లకు కొన్ని. అంకెలు, నెలలు, వారాల పేర్లు విడివిడిగా చదివించారు.

మూడో రోజు పదకొండు పేజీల ఇంగ్లీషు కాగితం ముందు పెట్టారు.

“ఇండ్ల ఏమున్నది బాబూ?”

“ఏం లేదండీ, మామూలు ఫార్మాలిటీ. సమాచారం చెప్పే ఫోన్లలో మీ గొంతు వాడుకుంటాం, అంతే” అన్నాడు రిత్విక్.

ప్రతి పేజీ కింద సంతకం పెట్టింది. ఒక ప్రతి తనకూ ఇమ్మని అడగాలని ఆమెకు తోచలేదు. సినిమాల్లో కాగితం ఉన్నదెప్పుడు గనక? నోటి మాట, సాయంత్రానికి కూలి. అంతే ఆమె ఎరిగింది.

ఏడాది గడిచింది. 2006లో ఒక ఆదివారం పొద్దున పక్కింటి వెంకటనర్సయ్య వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. అరవై ఏళ్ల ఆటో డ్రైవరు. కొమురమ్మ ఆయన్ని చిన్నాయినా అని పిలుస్తుంది. కుర్చీ వేసినా కూర్చోలేదు.

“కొమురమ్మా, నేను నీకేం జేసిన బిడ్డా?”

“ఏందే చిన్నాయినా, గట్లంటవ్?”

ఆయన చేతిలోని సెల్‌ఫోన్ చూపించాడు. రెండేళ్ల కింద ఒక ఫైనాన్సు కంపెనీ దగ్గర వాయిదాల మీద ఫ్రిజ్ తీసుకున్నాడు. మలేరియా వచ్చి ఆటో మూలనపడ్డ రెండు నెలలూ కట్టలేకపోయాడు. అప్పట్నుంచి రోజూ పదకొండింటికి ఫోన్ వస్తోంది.

“మాట్లాడేది నువ్వే. నా భార్య గుర్తువట్టింది. ముందుగాల నేను నమ్మలే. బస్తీల అందరంటుండ్రు, కొమురమ్మకు ఫోనుకింత అని ఇస్తుండ్రంట అని.”

“పదకొండు కానియ్యి, ఆ ఫోనేందో నేను గూడ వింట” అంది కొమురమ్మ. ఇద్దరూ అరుగు మీద పక్కపక్కన కూర్చుని పదకొండు కోసం చూశారు. సరిగ్గా ఆ వేళకే ఫోన్ మోగింది. ఆయన స్పీకరు నొక్కాడు.

“గమనించండి. మీరు రెండు నెలల వాయిదా చెల్లించలేదు. ఇది తీవ్రమైన విషయం. మా మనిషి మీ ఇంటికి వస్తాడు. పోలీస్ స్టేషన్. మీ కుటుంబ సభ్యుల వివరాలు మా వద్ద ఉన్నాయి.”

కొమురమ్మ ఫోన్ దగ్గరికి వంగింది. గొంతు తనదే, సందేహం లేదు. కానీ ఈ మాటలు తను ఎన్నడూ అనలేదు. ఫోన్ ఆగిపోయాక కూడా ఆమె చెవిలో అది తిరుగుతూనే ఉంది. పంతొమ్మిదేళ్ల చెవి అది. ఎక్కడ ఊపిరి పీల్చాలో అక్కడ ఊపిరి లేదు. ఎక్కడ స్వరం దిగాలో అక్కడ ఎక్కింది. ముక్కలు ముక్కలుగా కోసి కుట్టారని అప్పుడు తెలిసింది.

“చిన్నాయినా, గొంతు నాదే. ఆ మాట మాత్రం నాది గాదు. నమ్మితే నమ్ము, లేకుంటే లేదు. గని గీ ఫోన్ నేను బంద్ చేపిస్త.”

ముసలాయన తలవంచుకుని వెళ్లిపోయాడు. నమ్మినట్టు ఆమెకు కనిపించలేదు. అదే ఆమెను ఎక్కువ కాల్చింది.

మర్నాడు జూబ్లీహిల్స్ ఆఫీసుకు వెళ్లింది. రిత్విక్ మర్యాదగానే కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. విషయం విని చిరునవ్వు నవ్వాడు.

“ఫైనాన్సు కంపెనీ మా క్లయింటండీ. వాళ్లు వాక్యాలు రాసిస్తారు, మా సాఫ్ట్‌వేర్ మాటలు కలుపుతుంది. మీరు సంతకం పెట్టారుగా, తొమ్మిదో షరతు చూడండి. మీ గొంతు ఎందుకైనా వాడుకోవచ్చు.”

“ఎందుకైనా అంటే, మా బస్తీ ముసలాయన్ని బెదిరియ్యనీకి గూడనా?”

“బెదిరింపు కాదండీ, గుర్తుచేయడం. కావాలంటే మీకు ఇంకో రెండ్రోజులు పని ఇప్పిస్తాను.”

ఆమె కాఫీ కప్పు కింద పెట్టింది. “పనొద్దు. నేను సంతకం పెట్టిన కాయిదం ఇయ్యి.”

లీగల్ వాళ్లని అడగాలన్నాడు. అడగమంది. రేపు రమ్మన్నాడు. రానంది. బయట హాల్లో అద్దాల తలుపు పక్కన ఒక కుర్చీ ఉంది. వెళ్లి అందులో కూర్చుంది. మధ్యాహ్నం సెక్యూరిటీ మనిషి వచ్చి లేవమన్నాడు.

“నా సంతకం ఉన్న కాయిదం నేను అడుగుతున్న. నీ ఇల్లు అడుగుతలేను. ఇచ్చేదాంక ఈ కుర్చీ ఇడువ” అంది. జైలు వార్డెను గొంతుతో అంది. లోపల కంప్యూటర్ల ముందున్న పిల్లలంతా తలలెత్తి చూశారు. విదేశాల క్లయింట్లెవరో రావాల్సిన రోజది. సాయంత్రం నాలుగింటికి పదకొండు పేజీల జిరాక్సు ఆమె చేతికొచ్చింది.

ఇంటికొచ్చి కోర్టుకు పోతానంటే రాములు బిక్కుబిక్కుమన్నాడు. “మనకెందుకే కోర్టులు? కొండతోని పొట్టేలు కొట్లాట గాదా ఇది? రేపు సినిమావాళ్లు గూడ పిలువరు.”

“పిలువకుంటే ఎర్రగడ్డ మార్కెట్ల కూరగాయలమ్ముత. ఆడ గూడ గొంతే పని” అంది.

పాతబస్తీలోని సిటీ సివిల్ కోర్టులో ఉచిత న్యాయసహాయం ఇస్తారని తోటి డబ్బింగ్ మనిషి ఎవరో చెప్పారు. ఆడవాళ్లయితే రాబడి ఎంతని కూడా అడగరట. అక్కడ ఆమె కేసు శారదాదేవి అనే వకీలుకు అప్పగించారు. బందరు మనిషి, కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని పదకొండు పేజీలూ ఒక్క ముక్క వదలకుండా చదివింది.

“నాకు ఇంగ్లీషు రాదు మేడం, సదువకుంట పెట్టిన అంటే సరిపోతదా?”

“సరిపోదమ్మా. చదవకుండా పెట్టినా సంతకం సంతకమే. ఆ మాట మీద మనం నిలబడితే కూలిపోతాం.” శారదాదేవి పేజీ తిప్పి వేలు పెట్టింది. “కానీ మొదటి పేజీ చూడండి. సమాచార సేవల కోసం అని రాశారు. వాళ్లు ఊపుతున్న తొమ్మిదో షరతులో కూడా ‘చట్టసమ్మతమైన ఏ అవసరానికైనా’ అని ఉంది. ఆ అబ్బాయి మీకు చట్టసమ్మతమైన అన్న మాట మింగేసి చెప్పాడు. అప్పున్నవాణ్ణి పోలీసుల పేరు చెప్పి భయపెట్టడం ఏ చట్టానికి సమ్మతం?”

“అయితే మా చిన్నాయినను పోలీసులు పట్కపోరా?”

“ఫ్రిజ్ వాయిదా కట్టనందుకు పోలీసులెందుకొస్తారమ్మా? అది సివిల్ వ్యవహారం. ఆయన బాకీ ఆయన కట్టాల్సిందే, అది ఎగ్గొట్టమని నేను చెప్పను. వాళ్లు కావాలంటే దావా వేసుకోవచ్చు, నోటీసు పంపుకోవచ్చు. ఇంటి పరువు బజారుకీడ్చే హక్కు మాత్రం ఎవరికీ లేదు.”

ఆ సాయంత్రమే కొమురమ్మ ఆ మాటలు పొల్లుపోకుండా వెంకటనర్సయ్యకు చెప్పింది. ఆయన ముఖంలో చాలా రోజులకి నెత్తురు కనిపించింది. తర్వాత వారం రోజులు పదకొండింటికి ఆయన ఫోన్ ఎత్తి పట్టుకుంటే, రాములు పక్కన టేప్‌రికార్డర్ పట్టుకున్నాడు. కోర్టులొద్దన్నవాడే పట్టుకున్నాడు.

రిత్విక్ కంపెనీ మీద కేసు వేశారు. మూడు వాయిదాలు పడ్డాయి. నాలుగోసారి కంపెనీ వకీలు కొత్త ఎత్తు ఎత్తాడు. టేపులో ఉన్న గొంతు అసలు ఈమెది కాదు, వేరే ఆర్టిస్టుది అన్నాడు.

“ఈమె మాట వినండి సార్. వచ్చిండు, పోయిండు అంటోంది. టేపులో ఉన్నది శుద్ధమైన తెలుగు. ఇద్దరూ ఒకరెలా అవుతారు?”

కోర్టు హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు.  కొమురమ్మ లేచి నిలబడింది. శారదాదేవి కొంగు పట్టి ఆపబోయింది గానీ, జడ్జి చెప్పమన్నట్టు తల ఊపాడు.

“సార్, నా మాట గూడ శుద్ధమైందే. మా అవ్వ నేర్పింది. ఇగ రెండోది కూలికి మాట్లాడేది. వినుండ్రి.”

గొంతు సవరించుకుంది. రికార్డింగు నాటి మాటలు కాగితం చూడకుండా మొదలుపెట్టింది. “మీ ఆపరేషన్ వచ్చే వారానికి వాయిదా పడింది. తీవ్రమైన నొప్పి ఉంటే రెండు నొక్కండి. సిలిండర్ తీసుకుని మా మనిషి మీ ఇంటికి వస్తాడు. మీ బిల్లు ఇంకా చెల్లించలేదు. పోలీస్ స్టేషన్ కొరకు ఒకటి నొక్కండి.”

 జడ్జి టేపు మళ్లీ పెట్టించాడు. ఒక్కొక్క మాట దగ్గర కొమురమ్మ చెయ్యెత్తింది.

“ఆపుండ్రి సార్. ‘వాయిదా’ అన్నది ఆపరేషన్‌ది. ఫ్రిజ్‌ది గాదు. అందుకే ‘దా’ కాడ సాగుతది చూడుండ్రి, ఎనుక ‘పడింది’ అన్న మాట ఉండె, కోసేసిన్రు. ‘తీవ్రమైన’ అన్నది రోగం వచ్చినోళ్ల కోసం జర మెత్తగ చెప్పిన. గా మెత్తదనం ఇంకా ఉన్నది. ‘మా మనిషి’ గ్యాస్ బండ తెచ్చే పిలగాడు. రోగిష్టోళ్లకు, వంటింటి ఆడోళ్లకు చెప్పిన మంచి మాటలు కోసి ఉరితాడు పేనిన్రు. పైసలిచ్చి నా గొంతు కొనుక్కున్నరు, ఒప్పుకుంట. నా నోట్ల నేననని మాట పెట్టెతందుకు అమ్మలే.”

జడ్జి కాసేపు రాసుకున్నాడు. అసలు రికార్డింగు టేపులు వారంలోగా కోర్టు ముందుంచాలనీ, కేసు తేలేదాకా వసూళ్ల ఫోన్లలో ఆమె గొంతు వాడకూడదనీ ఉత్తర్వు ఇచ్చాడు. మర్నాడు పదకొండింటికి వెంకటనర్సయ్య ఫోన్ మోగలేదు. ఆయన పన్నెండు దాకా అరుగు మీదే కూర్చుని, ఆ తర్వాత ఆటో తీసుకుని సవారీలకు వెళ్లాడు. ఆ నెల నుంచి కొంచెం కొంచెంగా ఫ్రిజ్ బాకీ కడుతూ వచ్చాడు.

అసలు టేపులు కోర్టుకు రాలేదు. వాటికి బదులు రాజీ కబురు వచ్చింది. లోక్ అదాలత్‌లో కూర్చున్నప్పుడు రిత్విక్ కొమురమ్మ కళ్లలోకి చూడలేదు. రికార్డింగులన్నీ చెరిపేస్తామన్నారు. నష్టపరిహారం ఇస్తామన్నారు. ఆమె ఊహించినదానికి అది ఎన్నో రెట్లు. రాజీ కాగితం చివర్న ఒక్క వాక్యం మాత్రం ఉంది. ఈ విషయం ఆమె ఎవరికీ, ఎక్కడా చెప్పకూడదు.

శారదాదేవి అది తెలుగులో చదివి వినిపించి, “నిర్ణయం మీది” అంది.

“చెరిపేసుడు మంచిదే. పైసలు సగం చేసుకోమనుండ్రి. ఆ కింది లైను కొట్టేయమనుండ్రి.”

“ఎందుకండీ అంత పంతం?” అన్నాడు రిత్విక్. మొదటిసారి గొంతు పెంచాడు.

“గొంతు నా బువ్వ బాబూ. ఒకసారి నాకెరుక లేకుంట తీస్కపోయిన్రు. ఇప్పుడు పైసలిచ్చి నొక్కుతమంటుండ్రు. రెండు ఒక్కటే నాకు.”

అరగంట బేరం నడిచింది. వాక్యం పోయింది, సొమ్ము సగమైంది. ఆమె మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా శారదాదేవి చేత చదివించుకుని, ఆ తర్వాతే సంతకం చేసింది.

రాములు భయపడ్డది పూర్తిగా అబద్ధం కాలేదు. ఆరు నెలలు ఏ థియేటరూ పిలవలేదు. కోర్టుకెక్కే ఆర్టిస్టుతో మనకెందుకన్నారు. ఒక రోజు ఆదినారాయణే కబురు పెట్టి పిలిపించాడు. “నలుగురు పెద్ద మనుషుల ముందు పొరపాటైందని ఒక్క మాట అను కొమురమ్మా, రేపట్నుంచి పని ఇప్పిస్తాను.”

“ఏ పొరపాటు సార్? జెప్పుండ్రి, నిజంగ అయితే అంట.”

“అదంతా ఎందుకమ్మా” అన్నాడాయన. ఆమె లేచి వచ్చేసింది.

ఆ ఆరు నెలలు షేక్‌పేటలోని ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు పద్యాలు, ఏకపాత్రాభినయం నేర్పింది. సాయంత్రాలు మాత్రం కేసు సంగతి విని ఇంటి అరుగు మీద జనం చేరేవారు. ఒకరి చేతిలో కారు లోను కాగితం, ఒకరి చేతిలో ఉద్యోగం బాండు. ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి తన డిగ్రీ సర్టిఫికెట్లు కంపెనీ పట్టుకుని ఇవ్వడం లేదని ఏడుస్తూ వచ్చింది. కొమురమ్మకు చట్టం తెలియదు. తెలుసని ఎన్నడూ చెప్పుకోలేదు. “నీ కాయిదం ప్రతి నీ దగ్గర ఉన్నదా?” అని మాత్రం అందర్నీ అడిగేది. లేదంటే తెచ్చుకొమ్మని తరిమేది. ఉంటే శారదాదేవి దగ్గరికి దారి చెప్పేది.

ఏడో నెలలో మళ్లీ థియేటరు పిలుపు వచ్చింది. ఏదో సినిమాలో తెలంగాణ మాట మాట్లాడే హోటలామె వేషానికట. ఇన్నేళ్లలో ఆమెను సొంత మాటలో మాట్లాడమని అడగడం అదే మొదలు. వెళ్లింది. మైకు ముందుకు పోకుండా చిన్న నోటుబుక్కు కాగితం ఆదినారాయణ ముందు పెట్టింది. ఏ సినిమా, ఏ వేషం, ఈ గొంతు ఇంకెక్కడా వాడరు అని తెలుగులో మూడు లైన్లు.

“ఇదేంటమ్మా, మా మీద కూడా నమ్మకం లేదా?”

“నమ్మకం ఉన్నది గనకనే మూడు లైన్లు సార్. లేకుంటే పదకొండు పేజీలు రాస్తుంటి.”

ఆయన గొణుక్కుంటూ సంతకం పెట్టాడు. వెనక బెంచీ మీద కూర్చున్న ఇద్దరు డబ్బింగ్ అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో ఒకామె హ్యాండ్‌బ్యాగులోంచి పెన్ను తీసి, కొమురమ్మను అడిగి నోటుబుక్కులో ఒక కాగితం చింపుకుంది.