రెండు అర్జీలకూ నా వేలే

"ఇంతకీ నువ్వు మా మనిషివా, వాళ్ల మనిషివా?"

"ఇద్దరి మనిషినే వదినా."

తహసీల్దారు ఆఫీసు గేటు దగ్గర పక్కింటి సుబ్బమ్మ వదినా నేనూ ఆ రోజు చివరగా అనుకున్న మాటలివి. అంతకు గంట ముందు నా కూలి పోబోయింది, జైలు కళ్లకు కట్టింది. అంత ఘనకార్యం ఎలా చేశానో వినండి.

మార్కాపురంలో పలకలు కోసే షెడ్డులో నా పని. మా ఆయన పోయినప్పటి నుంచి ఆ రంపమే నాకు కూడు పెడుతోంది. ఒకరోజు మేనకోడలు లక్ష్మి పుస్తకం చదువుతూ 'సపోర్టివ్' అంది.

"ఏందే అది?"

"మంచి పనికి అండగా నిలబడే మనిషిని అట్లంటారత్తా."

అలాంటి మనిషిని అయిపోవాలనిపించింది. మర్నాడే సుబ్బమ్మ వదిన కాగితం తెచ్చింది. "దుమ్ముకు పిల్లోళ్లు దగ్గుతాండారు. షెడ్డును ఊరి బయటికి పంపమని అర్జీ." మంచి పనే కదా, కుడి బొటనవేలు అద్దాను. సాయంత్రం షెడ్డు మేస్త్రి ఇంకో కాగితం తెచ్చాడు. "షెడ్డు కదిలితే మన కూలి పోతాది. కదిలించొద్దని అర్జీ." ఇదీ మంచి పనే. కుడి వేలికి సిరా ఇంకా పోలేదని ఎడమ వేలు అద్దాను. చూడండి, అంత తెలివి నాది.

లక్ష్మి తల పట్టుకుంది. "అండ అంటే ఒక పక్కన నిలబడాలత్తా. ఇద్దరి పక్కనా ఎట్ల నిలబడతావు?"

"మధ్యలో నిలబడితే ఇద్దరి పక్కనా ఉన్నట్టే కదే."

విచారణకు పిలిచారు. రెండు కాగితాల్లోనూ నా పేరు చదివేసరికి మేస్త్రి నా చెవి దగ్గరికొచ్చి, "రేపటి నుంచి పనికి రావద్దులే" అన్నాడు.

"రెండూ నీ వేలిముద్రలేనా?" అన్నారు తహసీల్దారు.

"ఒకటి కుడిచేతిది, ఒకటి ఎడమచేతిది సార్."

"ఇట్లా వేస్తే కేసవుతుంది, తెలుసా?"

"రెండు చేతులకా సార్, ఒక చేతికేనా?"

గదంతా నవ్వింది. నాకు మాత్రం చెమటతో రవిక తడిసిపోయింది.

"అసలు నీకేం కావాలమ్మా?"

భయంలో ఉన్నదంతా బయటికొచ్చింది. "షెడ్డు ఉండాల సార్, దుమ్ము పోవాల. అందరికంటే ఎక్కువ దగ్గేది నేనే."

నవ్వులు ఆగిపోయాయి. నీళ్లు పోస్తూ కోయాలనీ, దుమ్ము లేస్తే షెడ్డు మూయిస్తామనీ, ఎవరి పనీ తీయకూడదనీ ఆయన మేస్త్రికి గట్టిగా చెప్పారు. నా కూలి నిలిచింది.

అందుకని నలుగురి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ముద్దపప్పులో తప్ప నా వేలు ఎక్కడా పెట్టను. నేను చెబుతుంటే ఇదంతా రాసిన లక్ష్మి, "కింద వేలిముద్ర వెయ్యత్తా" అంటోంది.

ఆగవే. ముందు మొదటి నుంచి చదివి వినిపించు.