ఒక్క ఫైలూ పోలేదట

ఉద్యోగం చేసిన నలభై ఏళ్ళూ నేను రోజూ డైరీ రాశాను. రిటైరయ్యాక ఆ నోటుపుస్తకాలకు చెదలు పట్టడం చూసి, అన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించాలని నిర్ణయించుకున్నాను. మైత్రీవనంలో సాఫ్ట్‌వేర్ కోర్సులకు వచ్చిన పిల్లల మధ్య కూర్చుని తెలుగు టైపింగ్ నేర్చుకున్నాను. మొత్తం టైపు చేయడానికి నాలుగేళ్ళు పట్టింది. ప్రతి పేజీనీ రెండుసార్లు సరిచూశాను. సరిచూడడం పూర్తయిన పుస్తకాన్ని పాత పేపర్లవాడికి వేసేశాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అప్పట్లో దాన్ని పద్ధతి అనుకున్నాను.

ఆపరేటింగ్ సిస్టం మార్చిన ప్రతిసారీ నాకు ఏదో ఒకటి పోయింది. మొదటిసారి ప్రింటరు. అది బాగానే ఉంది, కొత్త సిస్టమే దాన్ని గుర్తుపట్టనంది. రెండోసారి స్కానరుకూ అదే గతి. మూడోసారి తెర మీద ఉన్నవన్నీ చోట్లు మారాయి. ప్రింటు కొట్టే బొమ్మను వెతకడానికే ఒక ఉదయం పట్టింది. సక్రమంగా నడుస్తున్నదాన్ని మార్చమని నేనెవరినీ అడగలేదు. అయినా రోజూ తెర మీద హెచ్చరిక: మార్చకపోతే మీ కంప్యూటరుకు రక్షణ ఉండదు. భయపడి నాలుగోసారీ లొంగాను. అమీర్‌పేటలో మా వీధి చివరి రిపేరు షాపులో ఇచ్చాను.

మర్నాడు ఇంటికి తెచ్చి డైరీ తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కొక్కేలు. ఏ ఏడాది తెరిచినా అంతే.

తిరిగి షాపుకు మోసుకెళ్ళాను.

"ఒక్క ఫైల్ సుత పోలే సార్. అన్నీ ఉన్నయి, చూడండి," అన్నాడు షాపతను.

"ఉన్నాయి. ఒక్క లైను చదవండి మీరు."

అతను తెరకేసి చూసి తల గోక్కున్నాడు. "మీ తెలుగు సాఫ్ట్‌వేర్ మస్తు పాతది సార్. కొత్త సిస్టంల ఎక్కదు."

"ఆ మాట ముందు చెప్పొద్దా?"

"మీరు అడగలే గద."

నాకు తెలియని ప్రశ్నను నేనెలా అడుగుతాను? పోనీ, పాత సిస్టమే మళ్ళీ వేయమన్నాను. చెరిపేశాం, ఇక అది దొరకదు అన్నాడు. ఇంటికి తాళం మార్చి, తాళంచెవి పారేసి, ఇల్లెక్కడికీ పోలేదండీ అన్నట్టుంది. పైగా దీనికి పెట్టిన పేరు అప్‌గ్రేడు.

మా ఆవిడ అంతా విని ఒక్కమాటే అంది: "పుస్తకాలు పారేయొద్దని నేను మొత్తుకున్న సంగతి కూడా రాసే ఉంటారుగా. చదివి వినిపించండి."

పంజాగుట్టలో పెళ్ళిపత్రికలు కంపోజ్ చేసే ఒకావిడ దగ్గర నా తెలుగు సాఫ్ట్‌వేరే ఉన్న పాత కంప్యూటరు ఉందని తెలిసి, ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్ళాను. ఆమెకు యాభై దాటి ఉంటాయి. యంత్రం మీది గుడ్డ తీసి, పెన్‌డ్రైవ్ పెట్టింది. నా తెలుగు వచ్చింది. ఉద్యోగంలో చేరిన రోజు, ఆ రోజు కురిసిన వాన, నా కళ్ళెదుట.

"దీనికి నెట్ ఇయ్యలే సార్ నేను," అందామె. "ఇస్తే ఇది సుత తెలివి మీరుతది."

అప్పటినుంచి రోజూ పొద్దున్నే వెళ్తున్నాను. ఆమె పత్రికల పని అయ్యేదాకా బల్ల మీద కూర్చుంటాను. ఆ తర్వాత ఒక గంట నాకు ప్రింటు తీసిపెడుతుంది. నేను రాసుకున్న రాత, నేను టైపు చేసిన టైపు, చదువుకోవడానికి పరాయి షాపులో ఎవరి పెళ్ళిళ్ళకో వెనక నా వంతు కోసం కాచుకోవాలి. ఈ మాట తలచుకున్నప్పుడల్లా కోపం కొత్తగా వస్తుంది.

నిన్న పేజీ మధ్యలో తెర నల్లబడింది. ఆమె పెట్టెను అరచేత్తో రెండుసార్లు తట్టింది. కొంతసేపటికి వెలిగింది.

"ఇంక ఎన్నేండ్లున్నయి సార్?"

"పదకొండేళ్ళు అయ్యాయి. ఇరవై తొమ్మిది ఉన్నాయి."

"అయితే గంట సాలదు. రేపటి సంది పత్రికలు పక్కకు పెడత, మీవే ముందు తీద్దాం," అని మళ్ళీ ప్రింటు నొక్కింది.