ఆయన తుమ్ములు, నా రిటైర్మెంటు

మా ఆయనకి మిరపకాయ పడదు. ఇంకెక్కడైనా అయితే ఈ మాట ఎవరూ పట్టించుకోరు. చిలకలూరిపేట దగ్గర, హైవే పక్కన, ఇటు మిరప కల్లాలకీ అటు జిన్నింగు మిల్లుకీ మధ్య కాపురం ఉంటూ అంటే మాత్రం నవ్వుతారు. మాఘమాసంలో తొలి కోత కాయలు కల్లంలో ఆరబోసిన రోజు మొదలు, వానలు పడేదాకా ఆయన తుమ్ముతూనే ఉంటారు. తినడానికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. కంచంలో ఎర్రగా ఏదో ఒకటి కనిపించకపోతే ముద్ద దిగదు. మిరపకాయతో తగాదా ఆయన ముక్కుకే, నోటికి కాదు.

ఆ తుమ్ములు నాకు కాపురానికొచ్చిన వారంలోనే పరిచయమయ్యాయి. మా అత్తగారికి శకునాల పట్టింపు. గడప దాటేటప్పుడు ఎవరైనా తుమ్మితే వెనక్కొచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. మామూలు ఇళ్ళల్లో ఎప్పుడో ఒకసారి వచ్చే అవస్థ అది. మా ఇంట్లో రోజూ. చివరికి ఆవిడే ఒక సవరణ చేసింది. తుమ్ములు సరిసంఖ్యలో వస్తే బయల్దేరవచ్చు, బేసి అయితే కూర్చోవాలి. ఆయన మొదలుపెట్టగానే ఆవిడ వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టేది. ఏడు దగ్గర ఆగిపోతే, "ఇంకొక్కటి తుమ్మరా నాయనా, బస్సెళ్ళిపోతుంది" అని బతిమాలేది. ఆవిడ పోయాక ఆ లెక్క నాకు అంటుకుంది.

ఆయన హైస్కూల్లో సోషల్ మాస్టారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ గోడకి మ్యాపు తగిలించి, బెత్తంతో హిమాలయాలు చూపించారు. చూపించడమే గాని చూసింది లేదు. రిటైరైనప్పుడు శాలువా కప్పారు, దండ వేశారు, ఒక గోడ గడియారం ఇచ్చారు. ఆ మర్నాటి నుంచి ఆయనకి ఫోను తప్ప పనిలేదు. ఒకరోజు అందులో ఎవరో విదేశీయుడు కొండ అంచున కుర్చీ వేసుకుని, ఉన్న కొద్దిపాటి పెన్షన్‌తో అక్కడ ఎంత హాయిగా బతుకుతున్నాడో చెబుతున్నాడు. ఆయన ఆ వీడియో నాలుగుసార్లు చూశారు. ఐదోసారి నన్ను పిలిచారు.

"నేపాల్ వెళ్ళిపోదామే. వీసా అక్కర్లేదు, మన పెన్షన్ చాలు. ఆ గాలి చూడు! జన్మలో తుమ్మొస్తే ఒట్టు."

"మరి వంట?" అన్నాను. ఆయనకి ప్రపంచం మ్యాపులోంచి కనిపిస్తుంది, నాకు వంటింట్లోంచి.

"భోజనంతో కలిపే అద్దెకిస్తారట."

నాకు నమ్మకం కుదరలేదు. ముందు మూడు నెలలు ఉండి చూద్దామన్నాను. ఒక షరతు కూడా పెట్టాను. ఇద్దరిలో ఎవరు నచ్చలేదన్నా, రెండోవాళ్ళు నోరెత్తకుండా తిరిగొచ్చేయాలి. ఆయన మీ నాన్న మీద ఒట్టు, మా అమ్మ మీద ఒట్టు అంటూ ఒప్పుకున్నారు. అంత తెలివిగా షరతు పెట్టినందుకు ఆ పూట నన్ను నేనే మెచ్చుకున్నాను.

బయల్దేరే రోజు గుమ్మంలో ఆటో ఆగింది. ఎదురింటి కల్లంలో కాయలు తిరగేస్తున్నారు. ఆయన ఏడు తుమ్మారు. కూర్చున్నాం. లేచాం. ఐదు తుమ్మారు. మళ్ళీ కూర్చున్నాం. మూడోసారి కూడా బేసి వచ్చేసరికి ఆటో అతను "నా వంతు నేను తుమ్ముతా, ఎక్కండమ్మా" అని గట్టిగా ఒకటి తుమ్మాడు. అది దొంగ తుమ్మని నాకు తెలుసు. అయినా లెక్క సరిపోయిందని ఎక్కేశాను.

విజయవాడలో రైలెక్కి గోరఖ్‌పూర్‌లో దిగి, అక్కడి నుంచి బస్సులు మారుతూ పోఖరా దాటాక ఒక కొండ ఊరు చేరాం. మాకు మేడ మీద రెండు గదులు. కింద మాకు అద్దెకిచ్చిన ఇంటావిడ ఉంటుంది. నా ఈడుదే. ఆవిడకి నేపాలీ, కాస్త హిందీ వచ్చు. మా ఆయనది పాఠ్యపుస్తకం హిందీ. నాకు తెలుగు తప్ప ఏదీ రాదు. రెండు పూటలా ఆవిడే అన్నం, పప్పు, ఆకుకూర పట్టుకొచ్చి వడ్డించేది.

మొదటి వారం నాకు పిచ్చెక్కింది. తెల్లారుజామున ఐదింటికి మెలకువ వచ్చేది. లేచి ఏం చెయ్యాలి? పాలు కాచే పనిలేదు, పొయ్యి లేదు. మా ఇల్లు బస్టాపు ముందే కాబట్టి, గుంటూరు వెళ్ళే చుట్టమూ ఒంగోలు వెళ్ళే చుట్టమూ మా ఇంట్లో కాఫీ తాగకుండా బస్సెక్కరు. ఇక్కడ ఆ చుట్టాలూ లేరు. తుడిచిన గదే మళ్ళీ తుడిచేదాన్ని. అది చూసి ఇంటావిడ నా చేతిలో చీపురు లాక్కుని, కింద ముంగిట్లో తన పక్కన కూర్చోబెట్టి, రెండు సూదులూ ఒక ఊలు ఉండా ఇచ్చింది.

అక్కడి నుంచి నా బతుకు మారిపోయింది. అరవై ఏళ్ళు ఎండంటే తప్పించుకోవాల్సింది అనుకున్నాను. అక్కడ ఎండ ఎటు జరిగితే అటు పీట జరుపుకుంటూ ఇద్దరం కూర్చునేవాళ్ళం. ఆవిడ నేపాలీలో కోడలి మీద చెప్పేది, నేను తెలుగులో ఆడపడుచు మీద చెప్పేదాన్ని. ఎవరు ఎవర్ని తిడుతున్నారో ఇద్దరికీ చక్కగా తెలిసేది. నేను అల్లిన మొదటి మేజోడు పిల్లికి కూడా పట్టదు. అయినా దాచుకున్నాను.

ఆయన సంగతి వేరు. మొదట్లో పొద్దున్నే మంచు కొండలకి ఎదురుగా నిలబడి ఒక్కో శిఖరం పేరూ ఎత్తూ చెప్పేవారు. వినడానికి నేనొక్కదాన్నే, నాకేమో అల్లిక లెక్క తప్పుతుంది. రెండో నెలకి శిఖరాలు అయిపోయాయి. తుమ్ములూ ఆగిపోయాయి. నిద్ర బాగా పట్టేది, రంగు తేలారు. కానీ మాట తగ్గింది, ముద్ద తగ్గింది. "బాగానే ఉన్నారా?" అంటే "స్వర్గంలో ఉన్నా" అనేవారు, పొలాన్ని మిడతలు తిన్నవాడి మొహం పెట్టి.

ఒకరోజు నేను ఇంటి నుంచి తెచ్చిన కారం డబ్బా మూత తీస్తే సగం ఖాళీ. పైన వేలి గుర్తులు. ఈయన నేను కిందున్నప్పుడు ఉత్త కారం నాకుతున్నారు! నాకు విషయం అర్థమైంది. శాలువా కప్పి పంపిన ఊరికి మూడు నెలలకే తిరిగెళ్ళడం నామోషీ, అందుకే నోరు విప్పడం లేదు. ఆ మనిషి నోరు విప్పితే నా షరతు ప్రకారం నేను మూట కట్టుకోవాలి. కాబట్టి నేనూ ఏమీ ఎరగనట్టే డబ్బా మూత పెట్టేశాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది, కానీ జరిగింది అదే.

మూడో నెల చివర ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఒళ్ళు వేడి లేదు, దగ్గు లేదు. ఇంటావిడ పోయిన వారమే ఆయన బుగ్గలు ఎర్రబడ్డాయని చూపించి నవ్వింది, దిష్టి తగిలిందనుకున్నాను. గుప్పెడు ఎండుమిరపకాయలూ రాళ్ళుప్పూ తీసుకుని ఆయన చుట్టూ మూడుసార్లు తిప్పాను. మా ఊళ్ళో అయితే వాటిని పెరట్లో పొయ్యిలో వేస్తాం. ఘాటు రాకపోతే దిష్టి బాగా తగిలినట్టు. ఇక్కడ బయట వడగళ్ళు పడుతున్నాయి. తలుపులూ కిటికీలూ బిగించి ఉన్న గదిలో, చలి కాచుకునే కుంపట్లో వేసేశాను.

దిష్టి లేదని వెంటనే తేలిపోయింది. కళ్ళు కనపడలేదు, ఊపిరి ఆడలేదు. ఆ పొగలోంచి ఒక తుమ్ము వినపడింది. తర్వాత ఇంకోటి. మూడు నెలల బాకీ మొత్తం వరసగా తీరింది. పదకొండు దాకా లెక్కపెట్టి వదిలేశాను. ఇంతలో ఇంటావిడ నిప్పంటుకుందనుకుని బక్కెట్టుతో పైకొచ్చి, తలుపు తోసి, ఆ నీళ్ళు ఆయన నెత్తిన కుమ్మరించింది. ఆయన తడిసి ముద్దై, ముక్కు ఎర్రగా, మొహం వెలిగిపోతూ అన్నారు.

"అబ్బ, మన కల్లం వాసనే! నావల్ల కాదే. ఇంటికెళ్ళిపోదాం."

నాకు ఏడుపొచ్చింది. మిరపకాయ పొగలో ఏడిస్తే ఎందుకని ఎవరూ అడగరు. ఆయనా అడగలేదు. ఇంటావిడ మాత్రం నా మొహంలోకి చూసి చెయ్యి పట్టుకుంది. అంతే, ఆవిడకి తెలుగులో మొత్తం చెప్పేశాను.

"నేను వెళ్ళనమ్మా. ఆయన రిటైరయ్యారు, శాలువా కప్పారు. నాకెవరు కప్పారు? పెళ్ళైన మర్నాడు వంటింట్లోకి వెళ్ళినదాన్ని, ఇక్కడికొచ్చాకే బయటికొచ్చాను. ఒకళ్ళు వండి వడ్డిస్తే తినడం ఈ మూడు నెలలేనమ్మా నేను ఎరిగింది. ఆయనకి కొండలు చూడాలని కోరిక. నాకే కోరికా లేదనుకున్నా. ఉంది. కాసేపు కూర్చోవాలని."

ఆవిడ "హో, హో" అంటూ అవునన్నట్టు తలూపింది. చెప్పింది ఆవిడకే. కానీ ఆ గదిలో తెలుగు వచ్చిన రెండోమనిషి ఆయనొక్కరే. తుండు చేత్తో పట్టుకుని, తుడుచుకోవడం మర్చిపోయి నిలబడ్డారు. కాసేపటికి వంగి, కుంపటి చుట్టూ పడిన బూడిద ఎత్తడం మొదలుపెట్టారు. ఆయన చేతిలో చేట చూడటం నాకదే మొదలు.

మర్నాడు పొద్దున ఆయన కిందికి, ఇంటావిడ వంటింట్లోకి వెళ్ళారు. గంట తర్వాత కంచం పట్టుకొచ్చి నా ముందు పెట్టారు. అన్నం, పప్పు, పైన మిగిలిన మన కారంతో తాలింపు. ఉప్పు వెయ్యలేదు. నేను చెప్పలేదు, తినేశాను. ఆయన గోడవైపు చూస్తూ, "మిరప కాలం ఇక్కడ, మిగతా కాలం అక్కడ. అక్కడ కూడా రాత్రి వంట నాది. సరేనా?" అన్నారు. సరేనన్నాను. తొలకరి పడ్డాక ఇంటికొచ్చాం. మూడు నెలలు గాక ఐదు నెలలు ఉండొచ్చారు కాబట్టి, ఊళ్ళో పరువు కూడా దక్కింది.

ఈ ఏడు మాఘంలో ఒక పొద్దున కాయల ట్రాక్టరు మా వీధిలోంచి వెళ్ళింది. ఆయన పేపరు వెనకనుంచి తుమ్మారు. నేను అటక మీంచి పెట్టె దించాను. వారం తిరక్కుండా గుమ్మంలో ఆటో ఆగింది, ఆయన మళ్ళీ మొదలుపెట్టారు. ఎదురింటావిడ కల్లంలో కాయలు తిరగేయడం ఆపి, వేళ్ళు ముడిచి లెక్కపెట్టింది.

"తొమ్మిదండీ పిన్నిగారూ, బేసి! కాసేపు కూర్చుని బయల్దేరండి."

"కూర్చోడానికేనమ్మా వెళ్ళేది," అని ఆటో ఎక్కాను.