చీకటికి కాజాలు

కొత్తగూడ పరిశోధనశాలలో మైక్రోస్కోపు ముందు కూర్చునేటప్పుడు ఉమాశ్రీ చెప్పులు విడుస్తుంది, చున్నీ నడుముకు బిగిస్తుంది, కళ్ళజోడు నెత్తిమీదికి నెడుతుంది. ఆమె తయారుచేసిన రంగు, బతికున్న కణాల్లో థయాల్స్ అనే గంధకపు అణువులు తగిలితేనే ఆకుపచ్చగా వెలగాలి. చిటికెనవేలి గోరుకు అంటిన ఆ రంగు ఎంత కడిగినా వదలదు. పోయిన నెల మొదటి డిష్‌లో కణాలు వెలగగానే ఆగలేక అంతస్తంతా కాజాలు పంచేసింది. తీరా, థయాల్స్‌ని ముందే మందువేసి కట్టేసిన, అసలు వెలగకూడని రెండో డిష్ చూస్తే అదీ దీపావళిలా వెలుగుతోంది. అంటే రంగు అబద్ధమాడుతోంది. కాజాలు అప్పటికే అందరూ తినేశారు.

రంగును మార్చి చేసి, ఈ ఉదయం మళ్ళీ చూసింది. మొదటి డిష్ వెలిగినా నవ్వలేదు. రెండోది పెట్టి, ఊపిరి బిగబట్టి చూసి, ఒక్కసారిగా చప్పట్లు కొట్టింది. గది ఊడుస్తున్న బాలమణి చీపురు వదిలేసి వచ్చి తొంగిచూసింది.

"ఏంది మేడం, ఏం కనవడ్తలేదు? అంత చీకటే ఉన్నది."

"ఆ చీకటే కదండీ నాక్కావలసింది!" అంటూ ఉమాశ్రీ సంచిలో దాచిన పెట్టె తెరిచి, మొదటి కాజా ఆమె చేతిలో పెట్టింది.

బాలమణి కాజా బుగ్గన పెట్టుకుని, మళ్ళీ వంగి, ఆ చీకటినే ఇంకాసేపు శ్రద్ధగా చూసింది.