మేస్త్రీ గారి గోడ

సుబ్బారాయుడు మేస్త్రీ గారు మొన్న మంగళవారం ఇక్కడే అమెరికాలో, పిస్కాటవే ఊళ్లో తమ్ముడి ఇంట పరమపదించారని ఫోనులో విన్నాను. దిగ్భ్రాంతి చెందానని రాయడం మర్యాద. కాని నాకు ముందు కలిగింది ఊరట: నా సంగతి తెలిసిన ఏకైక సాక్షి వెళ్లిపోయాడని. దుఃఖం ఆ తర్వాత వచ్చింది. ఆ ఊరటకు సిగ్గుపడుతూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

గోదావరి జిల్లాల్లో ముప్పై ఏళ్లు తాపీ పట్టిన హస్తం ఆయనది. తమ్ముడు స్పాన్సర్ చేస్తే ఎనభైల మొదట్లో అమెరికా వచ్చారు. అప్పుడే మా కంపెనీకి ఒక పురాతన బంగళా తోటను బాగుచేసే పని దొరికింది. తోట చుట్టూ నూరేళ్లు దాటిన ఎర్ర ఇటుకల గోడ, మూలల్లో రెండు ఎనిమిది పలకల చెక్క మండపాలు. ఇక్కడ వాటిని గెజిబోలంటారు. ఇంజినీరును నేను. ఆయనను పనిలో పెట్టించిందీ నేనే.

మండపాలను ఆయన పునరుద్ధరించిన తీరు నిరుపమానం. కుళ్లిన చెక్కనే కోసి, మంచిదాన్ని ముట్టుకోలేదు. మధ్యాహ్నం అక్కడే క్యారేజీ విప్పి నన్ను పిలిచేవారు. పెరుగన్నంలో మాగాయ టెంక నాకు వేసి, “కట్టినోడు మనకంటే తెలివితక్కువోడని ఎప్పుడూ అనుకోకండి బాబూ,” అనేవారు. నేను టెంక చప్పరిస్తూ తలూపేవాణ్ని, అంతే.

గోడ దగ్గర ఆయన మాట అసలు వినలేదు. ఇటుకల సందుల్లో పాత సున్నం రాలిపోతోంది. ఆయన వేలితో గీకి చూసి, “ఇది సున్నపు గోడండీ. సిమెంటు పెడితే లోపలి తడి బయటికి రాదు, మంచుకి ఇటుక పగులుద్ది. సున్నం నానబెడతాను, రెండు వారాలు టైమివ్వండి,” అన్నారు.

“షెడ్యూల్‌లో అంత టైమ్ లేదు మేస్త్రీ గారూ. డ్రాయింగ్‌లో సిమెంట్ అని రాశాను, అదే మిక్స్ చేయండి,” అన్నాను. ఇంజినీరింగు పట్టా ఉందన్న పొగరు నాది. ఆయన సిమెంటే కలిపారు.

రెండు చలికాలాలకే, మేమింకా ఆ తోట పనిలో ఉండగానే, ఇటుకలు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయాయి. తోట పర్యవేక్షకురాలు మమ్మల్నిద్దరినీ గోడ ముందు నిలబెట్టి, ఇది ఎవరి పని అని అడిగింది. “ఆయనే కలిపాడు,” అన్నాను ఇంగ్లీషులో. అది అక్షరాలా నిజం. అబద్ధమైనా అంత నీచంగా ఉండేది కాదు. ఆ మాత్రం ఇంగ్లీషు ఆయనకు వచ్చు. నావైపు ఒక్కసారి చూసి, తాపీ కడిగి సంచిలో పెట్టుకున్నారు.

తిరుగుదారిలో కారులో నేనేదో నసుగుతుంటే, “పిల్లలున్నోరు. మీ ఉద్యోగం పోకూడదు. పోనీండి,” అన్నారు. ఆ తర్వాత ఏ పాత భవనంవాళ్లూ ఆయనను పిలవలేదు. చివరిదాకా ఒక గిడ్డంగిలో పెట్టెలు మోశారు.

నిన్న సంతాపసభలో ఒకాయన, “మంచి మనిషండీ, ఆ గోడతోనే పేరు పాడుచేసుకున్నాడు పాపం,” అన్నాడు. నేను పక్కనే కూర్చుని కాఫీ తాగాను.

మేస్త్రీ గారూ, ఆ గోడను చెడగొట్టింది నేను. మీ వంటి పనివాడు మాకిక దొరకడు. మీ స్మృతికి చేతులు జోడించి ఈ నిజాన్ని మన సంఘం పత్రికలో, తెలుగులో ఒప్పుకుంటున్నాను. ఆ తోటవాళ్లకు తెలుగు రాదు. అది తెలిసే రాస్తున్నాను.